ఫిగర్ స్కేటింగ్ బూటు: అమరిక, బరువు, మన్నిక

మంచు మీద గిరికీలు కొట్టి, గాల్లోకి లేచి, ఒంటికాలి మీద వాలే ఫిగర్ స్కేటింగ్ క్రీడాకారులు తొడిగే బూటు చీలమండ దాటి పిక్క మొదలుదాకా వస్తుంది. ముందువైపు లేసులతో బిగుస్తుంది. అడుగున మరలతో బిగించిన ఉక్కు బ్లేడు ఉంటుంది. రింకుల్లో అద్దెకిచ్చే స్కేట్లలోనూ, పిల్లలకు మొదట కొనే చవక జతల్లోనూ బూటు, బ్లేడు కలిసే వస్తాయి. ఆట కాస్త ముదిరాక రెండూ విడివిడిగా కొని, బిగించే పని తెలిసినవారి చేతిలో పెట్టాలి.

బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని అడుగున పొడుగునా సన్నని గాడి తీసి ఉంటుంది కనుక రెండు పక్కలా రెండు అంచులు ఏర్పడతాయి. స్కేటరు దాదాపు ఎప్పుడూ ఆ రెండింటిలో ఏదో ఒక అంచు మీదే నడుస్తుంటుంది. పెద్ద జంప్ నుంచి దిగేటప్పుడు ఒంటి బరువుకు ఐదు రెట్లు మించిన తాకిడి ఆ అంచు మీదుగా కాలిలోకి వస్తుంది. కాలు తలచిన వంపు అంచుకు చేరాలన్నా, అంచు కింద మంచు ఎలా ఉందో కాలికి తెలియాలన్నా మధ్యలో ఉన్నది బూటు ఒక్కటే. కొనేవారు అడిగే ప్రశ్నలు మూడు: కాలికి కుదురుతుందా, ఎంత బరువుంది, ఎన్నాళ్లు వస్తుంది. దుకాణంలో రెండో ప్రశ్న గట్టిగా వినబడుతుంది, ఇంట్లో డబ్బు కట్టేవారి నోట మూడోది. కానీ మొదటి ప్రశ్నకు జవాబు తప్పితే మిగతా రెండింటికీ అర్థం ఉండదు.

పట్టీల కాలం నుంచి

పందొమ్మిదో శతాబ్దం సగం దాకా స్కేటు అంటే బూటు కాదు. మామూలు నడక బూటు కిందికి కొయ్య పలకో ఇనుప పలకో చేర్చి, దానికి బ్లేడు అమర్చి, తోలు పట్టీలతో కాలికి కట్టుకునేవారు. పట్టీ ఎంత బిగించినా పలక పక్కలకు జారేది. న్యూయార్క్‌కు చెందిన జాక్సన్ హేన్స్ అనే నాట్యకారుడు 1860లలో యూరప్ వెళ్లి, సంగీతానికి తగ్గట్టు మంచుమీద నాట్యమాడి వియన్నా జనాన్ని ఆకట్టుకున్నాడు. బ్లేడును నేరుగా బూటుకు బిగించుకోవడం ఆయన పేరుతో ముడిపడిన మార్పు. కాలి కింద జారుడు పోయింది కాబట్టే ఆ గెంతులూ గిరికీలూ సాధ్యమయ్యాయి.

1908 లండన్ ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ చేరేనాటికి బూట్లు నల్లవి, మెత్తవి. 1928, 1932, 1936లలో వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన నార్వే అమ్మాయి సోనియా హెనీ తెల్లబూట్లకు ప్రాచుర్యం తెచ్చింది. ఆడవారికి తెలుపు, మగవారికి నలుపు అనే వాడుక అప్పటి నుంచి గట్టిపడింది. బూటు లోపలి నిర్మాణాన్ని మార్చింది మాత్రం రంగు కాదు, జంప్. 1948లో అమెరికన్ డిక్ బటన్ డబుల్ యాక్సెల్, అంటే రెండున్నర చుట్ల జంప్, చేశాడు. 1952లో ఆయనే తొలి ట్రిపుల్ (మూడు చుట్ల జంప్) దిగాడు. 1988లో కెనడాకు చెందిన కర్ట్ బ్రౌనింగ్ బుడాపెస్ట్‌లో నాలుగు చుట్ల టో లూప్ దిగాడు. 2022లో అమెరికా కుర్రాడు ఇలియా మాలినిన్ నాలుగున్నర చుట్ల యాక్సెల్ చేశాడు. చుట్లు పెరిగే కొద్దీ బూటు గోడలు మందంగా, గట్టిగా తయారయ్యాయి.

ఇంకో మలుపు 1990లో వచ్చింది. మంచు మీద ఎనిమిది అంకె లాంటి ఆకారాలను గీయించే నిర్బంధ ఫిగర్ల పోటీని ఆ ఏడాది ఎత్తేశారు. అంతకుముందు చాలామంది దగ్గర రెండు జతలుండేవి: గీతలు గీయడానికి మెత్తనిది, గెంతడానికి గట్టిది. గీతల జత మూలపడ్డాక బూటు గెంతడం కోసమే అన్నట్టు తయారైంది. ఐస్ డాన్సు వారికి మాత్రం నేటికీ వెనక అంచు కిందికి కోసిన, కాస్త వంగే బూట్లు వేరే ఉన్నాయి.

లోపల ఏముంది

పాత పద్ధతి బూటులో పైన తోలు పొరలు, మధ్యలో గట్టిదనం కోసం అట్టలాంటి పొరలు, లోపల మెత్తని అస్తరు, చీలమండ చుట్టూ నురగదిండు ఉంటాయి. అడుగు గట్టి తోలుది. మడమ తోలు ముక్కలను దొంతరగా పేర్చి చేసినది. కొత్త తరహాలో పైభాగం మైక్రోఫైబరు, అడుగూ మడమా కార్బన్ ఫైబరు లేదా ప్లాస్టిక్ మిశ్రమం. నాలుక అంటే లేసుల కింద మీగాలిని కప్పే దిండు. పాదం భాగంలో లేసు కన్నాల గుండా, చీలమండ పైన కొక్కేల మీదుగా పోతుంది.

తోలు అడుగుకు తడి శత్రువు. మర రంధ్రాల్లోంచి నీరు దిగితే తోలు నాని, మర పట్టు వదిలేస్తుంది. అందుకే కొత్త బూటుకు బ్లేడు బిగించే ముందు అడుగుకు నీరు పట్టని పూత రెండు మూడుసార్లు పూస్తారు. కార్బన్ అడుగులకు ఈ బాధ తక్కువ.

కాలికి కుదరడం

బడులు తెరిచే జూన్ నెలలో మన ఇళ్లలో ఒక మాట వినబడుతుంది: "కాలు పెరుగుతుంది కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం." బడి బూటుకు ఆ లెక్క నడుస్తుంది. స్కేటింగ్ బూటు దగ్గర అదే లెక్క పిల్లవాడి ఏడాది కష్టాన్ని పాడు చేస్తుంది. బూటులో పాదం అర సెంటీమీటరు కదిలితే, బ్లేడు అంచు మీదికి వంగే ముందు పాదం ఆ అర సెంటీమీటరు ప్రయాణం చేయాలి. పిల్లవాడికి అది తెలియదు. అంచు ఆలస్యంగా అందుతోందని కాలివేళ్లతో అడుగును గట్టిగా పట్టుకుంటాడు, లేసులు ఇంకా బిగిస్తాడు, అయినా చీలమండ లోపలికి వాలిపోతుంది. చూసేవారు "కాళ్లలో బలం లేదు" అంటారు. చాలాసార్లు లోపం కాలిది కాదు, సైజుది. ఎదిగే పిల్లలకు వదలదగిన చోటు అర సైజు, అంతే.

కొలత ఇలా తీస్తారు. పలచని మేజోడు తొడిగి, గచ్చు మీద కాగితం పరచి, రెండు కాళ్ల మీదా బరువు సమంగా మోపి నిలబడాలి. కూర్చుని ఇచ్చిన కొలత పనికిరాదు, బరువు పడ్డప్పుడు పాదం పొడుగూ వెడల్పూ సాగుతాయి. పెన్సిలును నిటారుగా పట్టి పాదం చుట్టూ గీస్తారు. పెన్సిలు వాలితే గీత పాదం కిందికి దూరి కొలత తగ్గిపోతుంది. తర్వాత టేపుతో బొటనవేలి మొదటి కణుపు దగ్గర చుట్టుకొలత, మీగాలి ఎత్తైన చోట చుట్టుకొలత, మడమ నుంచి మీగాలి మీదుగా ఏటవాలు చుట్టుకొలత, చీలమండ చుట్టుకొలత రాసుకుంటారు. రెండు పాదాలకూ విడిగా తీయాలి. ఎవరికైనా రెండు పాదాలు అచ్చంగా ఒకేలా ఉండవు, తేడా అర సైజు దాటిన వారూ ఉంటారు. వారికి రెండు వేర్వేరు సైజుల బూట్లు కలిపి ఒక జతగా ఇచ్చే తయారీదారులున్నారు.

సాధారణంగా స్కేటింగ్ బూటు సైజు వీధి బూటు సైజు కన్నా అర నుంచి ఒకటిన్నర దాకా తక్కువ వస్తుంది. ఇటలీలో తయారయ్యే ఎడియా బూట్లకు సైజు మిల్లీమీటర్లలోనే ఉంటుంది: పాదం 245 మిల్లీమీటర్లయితే వెతకాల్సింది ఆ అంకె దగ్గరే. అమెరికా, కెనడా తయారీలకు అంకెతో పాటు వెడల్పుకు ఎ, బి, సి, డి అక్షరాలుంటాయి. పొడుగు సరిపోయి వెడల్పు సరిపోకపోవడం చాలా మామూలు. అప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోవడం పొరపాటు. అదే పొడుగులో వెడల్పు అక్షరం మార్చాలి. ముందు వెడల్పు, మడమ సన్నం అయిన పాదాలు మనలో ఎక్కువగా కనబడతాయి. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో, వట్టికాళ్లతో తిరగడం వల్ల వేళ్లు విచ్చుకునే ఉంటాయి. ఇలాంటి పాదానికి ముందొక వెడల్పు, మడమకొక వెడల్పు ఇచ్చే తయారీదారుణ్ణి వెతకడం మేలు.

తొడిగి చూడటంలో ఒక వరుస ఉంది. మొదట లోపలి అట్టను బయటికి తీసి దాని మీద నిలబడాలి. వేళ్లు అట్ట అంచు దాటి పక్కలకు జారితే బూటు ఇరుకు. తర్వాత బూటు తొడిగి, లేసు కట్టకుండా, మడమను వెనక్కి తట్టి కూర్చోబెట్టాలి. అప్పుడు లేసు. వేళ్ల దగ్గర వదులుగా, మీగాలు ఒంపు దగ్గర గట్టిగా, పైన కొక్కేల దగ్గర మళ్లీ కాస్త వదులుగా. నిలువుగా నిలబడ్డప్పుడు బొటనవేలు ముందు గోడను ఈక తగిలినట్టు తాకాలి. మోకాళ్లు వంచగానే మడమ వెనక్కి దిగి, వేలికి ఊపిరి ఆడాలి. నిలబడ్డప్పుడే వేళ్లు ముడుచుకుంటే చిన్నది. వంగినా వేలికి గోడ ఎక్కడుందో తెలియకపోతే పెద్దది.

అసలు పరీక్ష మడమది. ఒకరు బూటు మడమను చేత్తో గచ్చుకు అదిమి పట్టాలి, తొడిగినవారు లోపల మడమ లేపడానికి ప్రయత్నించాలి. మడమ కదలకూడదు. ఒక కాగితం మందం లేచినా తప్పే. ఎందుకంటే, గెంతడానికి ముందు కాలు తోసే క్షణంలో ఆ తోపు మంచుకు చేరే ముందు ఆ ఖాళీని నింపడానికి పోతుంది, దిగేటప్పుడు మడమ గోడకు గుద్దుకుంటుంది. రోజూ వందసార్లు గుద్దుకుంటే మడమ వెనక ఎముక మీద కాయ కాస్తుంది. స్కేటర్ల మడమ వెనక కనబడే ఆ బొడిపెకు మొదటి కారణం వదులు బూటే. ఇరుకు బూటుదని చాలామంది అనుకుంటారు.

లేసు కట్టాక కన్నాల వరుసల మధ్య ఎడం చూడాలి. కొత్త బూటులో అది పైనుంచి కిందిదాకా సమాంతరంగా, సుమారు 4 సెంటీమీటర్లు ఉండటం మంచిది. రెండు అంచులూ కలిసిపోతే కాలికి బూటు వెడల్పు. తోలు సాగాక బిగించడానికి చోటుండదు. పైన విచ్చుకుని కింద కలిస్తే చీలమండ దగ్గర చాలడం లేదని.

కొత్త చెప్పు కరుస్తుందని మనం అంటాం. స్కేటింగ్ బూటు కరిచే చోట్లు మూడు నాలుగు తెలిసినవే ఉన్నాయి. చీలమండ రెండు పక్కలా ఉబ్బిన ఎముక మీద నీరు చేరి దిండులా వాస్తుంది. పాదం లోపలివైపు వంపు మొదట్లో ఉండే ఎముక రాసుకుంటుంది. చిటికెనవేలి మొదలు కాయ కడుతుంది. బూటు ముందు ఒంపు దగ్గర లేసు, నాలుక కలిసి మీగాలి నరాలను నొక్కి, కాలు వంచినప్పుడల్లా మంట పుట్టిస్తాయి. దీన్ని స్కేటర్లు లేసు కాటు అంటారు. ఈ నొప్పులన్నిటినీ ఓర్చుకోమని చెప్పడం పాత అలవాటు, తప్పుడు అలవాటు. ఒక చోటే నొప్పి అయితే ఆ చోట తోలును లోపలి నుంచి ఉండతో నొక్కి ఉబ్బించే పరికరం ప్రతి మంచి దుకాణంలో ఉంటుంది. పాదమంతా నొప్పి అయితే బూటే మార్చాలి.

నేటి బూట్లలో చాలావాటిని వేడిచేసి కాలికి మలుస్తారు. కంపెనీ చెప్పిన వేడిలో కొన్ని నిమిషాలు పొయ్యిలో పెట్టి తీసి, మెత్తగా ఉండగానే తొడిగి, లేసు కట్టి, చల్లారేదాకా కదలకుండా కూర్చోవాలి. ఇది బూటు అలవాటయ్యే రోజులను తగ్గిస్తుంది. సైజు తప్పును మాత్రం సరిచేయదు. పూర్వం వేడినీళ్లలో ముంచిన మేజోళ్లు తొడిగి బూటు వంచేవారు. తోలుకు అది చేసే చెరుపు మేలుకన్నా ఎక్కువ.

గట్టిదనం

బూటు ఎంత గట్టిగా ఉండాలో స్కేటరు బరువు, వయసు, చేసే జంపులు కలిసి తేలుస్తాయి. ఒంటిచుట్టు జంపులు చేసే 25 కిలోల పిల్లకు ట్రిపుల్ జంపుల వారి బూటు కొనిపెడితే ఆమె దాన్ని వంచలేదు. చీలమండ ముందుకు వంగకపోతే మోకాలు వంగదు. మోకాలు వంగకపోతే పిల్ల నడుము దగ్గర వంగి ఆ లోటు పూడుస్తుంది. ఆ అలవాటు ఒకసారి ఒంటబడితే తర్వాత వదిలించడానికి శిక్షకుడికి ఏళ్లు పడుతుంది. మరోవైపు, 70 కిలోల పెద్దవాడు కొత్తగా నేర్చుకుంటున్నా పిల్లల మెత్తబూటు కొంటే నెలల్లో చీలమండ దగ్గర మడతపడుతుంది. పెద్దవారు తమ స్థాయి కన్నా ఒక మెట్టు గట్టి బూటు తీసుకోవడం సబబే.

ప్రతి కంపెనీ గట్టిదనానికి తన సొంత అంకెలిస్తుంది. ఒకరి 70నూ మరొకరి 70నూ పోల్చకూడదు. దుకాణంలో చేయదగిన పరీక్ష ఒకటుంది: లేసు పూర్తిగా కట్టి, మోకాలిని కాలివేళ్ల మీదికి తెచ్చేలా వంగాలి. కొత్త బూటు కాస్త మొండికేసినా వంగాలి. మడమ లేవకుండా మోకాలు కాలివేళ్ల దాకా రాకపోతే ఆ బూటు ఆ మనిషికి ఎక్కువ.

గట్టిదనానికి శరీరం కట్టే మూల్యం ఉంది. చెప్పుల్లేకుండా గెంతిన మనిషి ముందు వేళ్ల మీద దిగి, తర్వాత మడమ దించుతాడు. ఆ మధ్య క్షణంలో పిక్క కండరం తాకిడిని మింగేస్తుంది. గట్టి బూటులో చీలమండ కిందికి చాచడానికి వీలు లేదు కనుక మిగిలిన తాకిడి మోకాలికి, తుంటికి, నడుముకు పోతుంది. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రిచర్డ్స్, డస్టిన్ బ్రూనింగ్ చీలమండ దగ్గర కీలు పెట్టిన బూటును పరీక్షించారు. పక్కలకు వాలకుండా ఆపుతూ, ముందువెనకలకు వంగనిచ్చే ఏర్పాటు అది. అలాంటి బూటు విపణిలోకి వచ్చింది కూడా. కానీ అలవాటైన పట్టు, అలవాటైన రూపం వదులుకోవడానికి స్కేటర్లు ఇష్టపడలేదు, అది నిలదొక్కుకోలేదు. ఎదిగే పిల్లల మోకాళ్ల గురించి ఆలోచించే ఎవరికైనా ఆ ప్రయత్నం మళ్లీ మొదలైతే బాగుండుననిపిస్తుంది.

బరువు

తోలు బూటు, ఉక్కు బ్లేడు కలిపి ఒక్కో కాలికి కిలోకు పైనే తూగుతాయి. మైక్రోఫైబరు, కార్బన్ అడుగులు వచ్చాక బూటు తేలికైంది. అల్యూమినియం, కార్బన్ చట్రంలో ఉక్కు అంచును అమర్చిన బ్లేడులు వచ్చాక ఇంకొంత తగ్గింది. పాత జతకూ కొత్త తేలిక జతకూ రెండు కాళ్ల మీద కలిపి అర కిలో తేడా తేలవచ్చు.

ఆ అర కిలో చేసే మేలు ఎంతో లెక్క వేసి చూడాలి. 50 కిలోల స్కేటరు 50 సెంటీమీటర్లు ఎగిరి, గాల్లో 0.64 సెకన్లు ఉందనుకుందాం. మొత్తం బరువులో అర కిలో అంటే దాదాపు ఒక శాతం. అంతే శక్తితో ఎగిరితే ఎత్తు అర సెంటీమీటరు పెరుగుతుంది, గాల్లో ఉండే సమయం సుమారు 3 మిల్లీసెకన్లు. సెకనుకు ఐదు చుట్లు తిరిగే మనిషి అంతలో ఆరు డిగ్రీలు తిరుగుతుంది. తీర్పరులు పావు చుట్టు, అంటే 90 డిగ్రీల లోటు దగ్గర గీత గీస్తారు. ఆరు డిగ్రీల కోసం ఇల్లు తాకట్టు పెట్టనక్కర్లేదు.

తేలికదనం అక్కరకొచ్చేది ఊపులో. బూటు బరువు కాలి చిట్టచివర వేలాడుతుంది. తుంటి నుంచి 85 సెంటీమీటర్ల దూరాన ఒక్కో బూటులో పావు కిలో తగ్గితే, కాలిని ఊపడానికి అడ్డుపడే జడత్వం సుమారు ఏడు శాతం తగ్గుతుందని లెక్క తేలుతుంది. యాక్సెల్‌కు ముందు కాలు విసిరేటప్పుడు, స్పిన్‌లో కాలు పైకి చాచి ఉంచేటప్పుడు, నాలుగు నిమిషాల ఫ్రీ ప్రోగ్రామ్ చివరి నిమిషంలో ఆ ఏడు శాతం తుంటికి తెలుస్తుంది. చిన్నపిల్లలకు ఇంకా బాగా తెలుస్తుంది, వారి ఒంటికి బూటు నిష్పత్తిలో బరువెక్కువ. కాబట్టి రెండు జతలు కాలికి సమంగా కుదిరితే తేలికది తీసుకోవడం న్యాయం. తేలికదని చెప్పి మడమ లేచే జతను తీసుకుంటే, లాభించిన ఏడు శాతం కన్నా పోయేది ఎన్నో రెట్లు ఎక్కువ. తోలు నుంచి మైక్రోఫైబరుకు మారినవారికి కాలి కింద అడుగు ఎత్తు, మడమ వంపు కూడా మారతాయి. జంపులు కొన్ని వారాలు తడబడటం సహజం.

మన్నిక

బూటు ఒక్క రోజులో పాడవదు. మొదట చీలమండ పైన, వంగే చోట, తోలు మీద సన్నని ముడత వస్తుంది. అది మామూలే. ఆ ముడత లోతై, లేసు విప్పి పక్కన పెట్టినా బూటు పైభాగం దానంతటదే వాలిపోయే రోజు వస్తుంది. వేలితో ముడతను నొక్కితే లోపలి అట్ట విరిగి మెత్తగా తగులుతుంది. కన్నాల వరుసలు దగ్గరకొచ్చేస్తాయి. కొక్కేలు వదులై తిరుగుతాయి. బూటును బల్లమీద పెట్టి వెనక నుంచి చూస్తే మడమ గోడ లోపలికి ఒరిగి కనబడుతుంది. దిగే కాలి బూటు ముందుగా పోతుంది. అపసవ్యంగా తిరిగేవారికి అది కుడికాలు. స్కేటరుకు ఇవేవీ కంటబడక ముందే ఒంటికి తెలుస్తాయి: నిన్నటిదాకా దిగిన జంప్‌లో ఇవాళ అంచు లోపలికి పడిపోతుంది, పిక్క త్వరగా అలసిపోతుంది. అంటే బూటు అమరిక పోయిందన్నమాటే.

ట్రిపుల్, క్వాడ్ (నాలుగు చుట్ల) జంపులు రోజూ చేసేవారికి ఒక జత ఒక సీజను రావడం కూడా గగనమే. వారానికి రెండు మూడు గంటలు ఆడే పిల్లలకు బూటు అరిగే లోపే కాలు పెరిగిపోతుంది. పై స్థాయి బూటు, బ్లేడు కలిపి జత వెయ్యి డాలర్లు సులువుగా దాటుతుంది కనుక ఇది చిన్న విషయం కాదు. పిల్లలకు పాత జత కొనడం తెలివైన పనే, వంగే చోట లోతు ముడత లేనంతవరకు. వేడితో మలిచిన బూటయితే అందులో వేరొకరి కాలి అచ్చు ఉంటుందని మరవకూడదు.

పోటీ మధ్యలో బూటు మోసం చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. 1994 లిల్లేహామర్ ఒలింపిక్స్‌లో టోన్యా హార్డింగ్ ఫ్రీ స్కేటింగ్ మొదలుపెట్టి, ఆపి, తీర్పరుల బల్ల దగ్గరికి వెళ్లి కాలు పైకెత్తి తెగిన లేసు చూపించింది. తర్వాత మళ్లీ ఆడనిచ్చారు. ఎనిమిదో స్థానం దక్కింది. 2017 హెల్సింకి ప్రపంచ పోటీల్లో ఆరు క్వాడ్‌లకు ప్రయత్నించిన నేథన్ చెన్‌ను దెబ్బతిన్న బూట్లు ఇబ్బంది పెట్టాయి, ఆరో స్థానంలో నిలిచాడు. రెండుసార్లు ప్రపంచ విజేత ఎవ్‌గేనియా మెద్వెదేవా 2019 డిసెంబరులో రష్యా జాతీయ పోటీల నుంచి షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత బూటు పాడవడం వల్ల తప్పుకుంది. లేసు విలువ ఎంతని? అయినా అనుభవజ్ఞులు సంచీలో ఎప్పుడూ ఒక జత కొత్త లేసులు, ఒక స్క్రూడ్రైవరు ఉంచుకుంటారు.

మన్నిక పెంచే పనులు ఇంటిలోనే ఉన్నాయి. మంచు మీది నుంచి దిగిన వెంటనే బ్లేడు, మరల తలలు, అడుగు పొడిగుడ్డతో తుడవాలి. గచ్చు మీద నడవడానికి గట్టి తొడుగు, సంచీలో పెట్టడానికి మెత్తని గుడ్డ తొడుగు. గట్టి తొడుగుతోనే సంచీలో పడేస్తే చెమ్మ చేరి అంచు తుప్పుపడుతుంది. ఇంటికి రాగానే లేసు బాగా వదులుచేసి, నాలుక ముందుకు లాగి, లోపలి అట్ట బయటికి తీసి గాలికి ఆరబెట్టాలి. ఎండలోనో హీటరు దగ్గరో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. విశాఖ లాంటి తీరప్రాంతపు ఉక్కలో మూసిన సంచీలో వారం ఉంచితే బూజు పడుతుంది. తొడిగేటప్పుడూ విప్పేటప్పుడూ లేసు పూర్తిగా వదులు చేయకపోతే మడమ గోడ నలుగుతుంది.

కొత్త జతకు మారే వేళ కూడా ముఖ్యమే. పోటీకి ముందు రెండు నెలల లోపు మారకపోవడం మంచిది. మొదటి కొన్ని రోజులు పైకొక్కెం ఒకటి వదిలేసి లేసు కడితే చీలమండ వంగే చోటు సరిగ్గా ఏర్పడుతుంది. బ్లేడును మొదట కోలగా ఉండే రంధ్రాల్లో మాత్రమే మరలు వేసి తాత్కాలికంగా బిగిస్తారు. స్కేటరు నాలుగైదు రోజులు ఆడి, బ్లేడు కాలిని లోపలికో బయటికో లాగుతోందా అని చెప్పాక ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి, అప్పుడు మిగతా మరలు దించుతారు.

తయారీదారులు, తెలుగు నేల

అమెరికాలో మిన్నెసోటాలోని రెడ్ వింగ్ ఊళ్లో 1945 నుంచి రీడెల్, కాలిఫోర్నియాలో 1933 నాటి హార్లిక్ పేరున్న తయారీలు. హార్లిక్ కొలతకు కుట్టించే బూట్లకు ప్రసిద్ధి. కెనడాలోని జాక్సన్ సంస్థ పేరు 1962 ప్రపంచ విజేత డోనాల్డ్ జాక్సన్‌ది. పోటీలో తొలి ట్రిపుల్ లుట్జ్ జంప్ దిగినవాడు ఆయనే. ఇటలీలో స్కీ బూట్ల తయారీకి పేరుపడ్డ మోంటెబెల్లూనా ప్రాంతం నుంచి ఎడియా, రిస్పోర్ట్ వస్తాయి. స్విట్జర్లాండ్ గ్రాఫ్ కూడా పాత పేరే. ఒక్కో కంపెనీ ఒక్కో అచ్చు మీద బూటు కుడుతుంది, ఆ అచ్చు ఆకారమే తేడా. స్నేహితురాలికి అద్భుతంగా కుదిరిన బూటు మన కాలికి కుదరాలని లేదు.

మన దేశంలో మంచు రింకులు బహు తక్కువ. సిమ్లాలో చలికాలంలో గడ్డకట్టే బహిరంగ రింకు 1920 నుంచి ఉంది, దెహ్రాదూన్‌లో పూర్తి పరిమాణపు లోపలి రింకు ఉంది. తెలుగు పిల్లలకు ఈ బూటు పరిచయమయ్యేది ఎక్కువగా చక్రాల మీద. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో ఇవే జంపులు, ఇవే గిరికీలు, ఇదే తరహా ఎత్తు బూటు. బ్లేడు బదులు లోహపు పలక, దానికి నాలుగు చక్రాలు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఫ్రీ స్కేటింగ్‌లోనూ జంటలోనూ కాంస్యాలు గెలిచింది ఆ చక్రాల మీదే. పలక, చక్రాలు బ్లేడు కన్నా బరువు. కాంక్రీటు మంచులా జారి తాకిడిని మింగదు. అందుకని రోలర్ బూటులో అడుగు బలం, మడమ పట్టు మరింత కీలకం. దగ్గరలో తొడిగి చూసే దుకాణం లేక కొలతలు పంపి తెప్పించుకునేవారు రెండు పాదాల గీతలనూ, చుట్టుకొలతలనూ సాయంత్రం పూట తీసుకోవడం మంచిది. పగలంతా నడిచి కాస్త ఉబ్బిన పాదమే సాధన గంటలో బూటులో ఉండే పాదం. గీసిన కాగితం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపితే, అటువైపు కొలిచేవారు మిల్లీమీటరు తేడా కూడా పట్టుకుంటారు.